చీర రంగు మార్చని అద్దం

మా ఊళ్ళో కొత్తగా ఏ కాంప్లెక్స్ లేచినా ముందుగా నీలం అద్దాలు తొడుక్కుంటుంది. పడమటి ఎండ నేరుగా కొట్టే గోడైనా సరే, కింది నుంచి పైదాకా అద్దమే. లోపల ఏసీ పగలంతా రొప్పుతూ ఉంటుంది. ఎండ కళ్ళలో పడుతోందని ఆ అద్దాల వెనక మళ్ళీ తెరలు దించి, పట్టపగలు లైట్లు వేసుకుని కూర్చుంటారు. ఇంటీరియర్ డిజైన్ చేసి బతుకుతున్నదాన్ని కదా, అలాంటి భవనం ముందు నుంచి పోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. బండి మీద పోతూ పైకే తిట్టేస్తాను. హెల్మెట్ ఉంటుంది కాబట్టి ఎవరికీ వినపడదు.

అందుకే మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి, "చెల్లె, హన్మకొండల కొత్త షోరూం తీస్తానం. లోపలి పనంత నువ్వే జూడాలె" అన్నప్పుడు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది.

"ముంగట మొత్తం అద్దాలేనా అన్నా?" అని అడిగాను.

"అద్దాలు లేకుంటే షోరూం ఎట్లయితదే?" అన్నాడు.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. వరంగల్ పాత బజారులో ఆమె చీరల దుకాణం తెలియనివాళ్ళు తక్కువ. కొత్తవాడలో నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టింది. ఆమెకు ఆకుపచ్చ అనే రంగు ఒకటి లేదు. చింతచిగురు ఉంటుంది, మామిడిపిందె ఉంటుంది, చిలక రెక్క ఉంటుంది. ఎరుపు, నీలాలకూ అంతే. పెదనాన్న పోయాక దుకాణం ఒక్కతే నడిపింది. తరవాత కొడుకు, కోడలు అందుకున్నారు. బిల్లులు, సరుకు, ఫోన్లు, అన్నీ వాళ్ళవే. పెద్దమ్మకు మిగిలింది రంగు చెప్పడం ఒక్కటే. ఆ ఒక్కదాని మీదే ఆ దుకాణం నడుస్తోందని బజారంతా అనేది.

ఎందుకంటే మా దగ్గర పెళ్ళి చీరలు కొనడానికి ఒక పద్ధతి ఉంది. ములుగు నుంచో, మరిపెడ నుంచో ఇంటిల్లిపాదీ జీపులో దిగుతారు. తెల్లటి పరుపు మీద చీరలు గుట్టలు పోయిస్తారు. చివరికి ఏదో ఒకటి నచ్చుతుంది. నచ్చిన చీరను వెంటనే కొనరు. "ఎండకు తీస్తం" అని మెట్ల మీదికి పట్టుకెళ్తారు. ట్యూబులైటు కింద నీలంగా ఉన్నది ఇంటికెళ్ళాక నలుపు తేలితే పెళ్ళిలో పంచాయితీ అవుతుంది మరి. పెద్దమ్మ కూడా వాళ్ళతో మెట్లు దిగి, చీర రెండో కొస తాను పట్టుకుని, ఎండలో ఒక్క క్షణం చూసి రంగు పేరు చెప్పేది. ఆ మాట తరవాత వియ్యాలవారు కూడా ఎదురు చెప్పేవారు కాదు.

ఇంక షోరూం సంగతి. రోడ్డు మలుపులో ఉన్న భవనం, ముఖం పడమరకు, పక్కసందు ఉత్తరానికి. అన్నకు ముందువైపు మొత్తం అద్దం, లోపల గోడలకు ప్లాస్టిక్ పలకలు, కింద రబ్బరు షీటు కావాలి. ఎక్కడో చూసొచ్చాడు. ఫోన్లో ఫొటోలు చూపిస్తుంటే నాకు తలనొప్పి వచ్చింది. ఆ ప్లాస్టిక్ పలకల ఆయుష్షు ఎంతో నాకు తెలుసు. మూలలు లేచిపోయిన రోజున పీకి ట్రాక్టర్లో వేసి ఊరి బయట పారబోస్తారు. మట్టిలో కలవవు, తగలబెడితే గొంతు పట్టుకుంటుంది. అలా పీకి పారేసిన షోరూములను నేను నా చేతులతోనే మళ్ళీ అలంకరించాను కాబట్టి ఆ పోగు ఎంత ఎత్తు ఉంటుందో చూశాను.

నేను పట్టుబట్టాను. పడమటి గోడకు అద్దం తగ్గించి, సున్నం పూత వేసి, ముందు ఎండను ఆపి గాలిని వదిలే మట్టిపలకల జాలీ కడదామన్నాను. పాత దుకాణంలోని షాబాదు బండలను లేపి, అడుగువైపు పైకి తిప్పి పాలిష్ చేస్తే కొత్త నేల వస్తుందన్నాను. చప్పుడు తగ్గడానికి పైకప్పుకు కొత్తవాడ జంపఖానాలు బిగిద్దామన్నాను. "జంపఖానాలు కిందేసుకుంటరు గదనే!" అని అన్న నవ్వాడు. పెళ్ళి బేరాల్లో నలభై మంది ఒకేసారి అరిస్తే ఆ హాల్లో ఎట్లా ఉంటుందో ఊహించుకొమ్మన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు.

పాత టేకు అల్మారాల విషయంలో మాత్రం నాకు పెద్దమ్మ తోడొచ్చింది. "అవన్ని కొత్త దుకాణానికే రావాలె. ఏ అల్మారి ఏడున్నదో ఆడ్నే ఉండాలె. వరస మార్చద్దు" అంది. నేను పొంగిపోయాను. చెట్టు విలువ తెలిసిన మనిషి అని మా ఆయనతో గొప్పగా చెప్పాను. అవసరమైన దానికన్నా ఎక్కువే చెప్పాను.

మిగిలింది ఉత్తరపు గోడ. ఉత్తరం వెలుగు నీడలాంటిది. పొద్దంతా ఒకేలా ఉంటుంది, వేడి తేదు. ఆ గోడకు పెద్ద అద్దం పెట్టి, దాని కింద తెల్ల పరుపు వేస్తే చీరలను ఎండకు తీయాల్సిన పనే ఉండదు. వెలుగే లోపలికి వస్తుంది. ఈ ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే దాని కోసం మిగతావన్నీ వదులుకోమన్నా వదులుకునేదాన్ని. అన్నకూ నచ్చింది. కానీ ఒక మాట అన్నాడు.

"ఆ అద్దం మాత్రం అమ్మ పసంద్ చెయ్యాలె. అమ్మ కన్నే మన బ్రాండు."

నేను కూడా అదే అనుకుంటున్నాను కాబట్టి సరేనన్నాను. రంగు విషయంలో ఆ ఇంట్లో ఇంకొకరు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

అద్దాల వ్యాపారి అరచేయంత ముక్కలు పంపాడు. తెల్లవి, బూడిద రంగువి, నీలివి, పచ్చవి. ఒక ఉదయం వాటిని పట్టుకుని పాత దుకాణానికి పోయాను. మెట్ల మీద కూర్చుని చూద్దామంటే పెద్దమ్మ లేవలేదు.

"నువ్వే లోపటికి పట్కరా బిడ్డా. ఎండల కండ్లు గుంజుతానయ్" అంది.

మోకాళ్ళ నొప్పిని కళ్ళ మీదికి తోస్తోంది అనుకున్నాను. పరుపు మీద నేను ఒక తెల్ల పంచె, పక్కనే పసుపులో ముంచి తీసిన కొత్త బట్ట పరిచాను. పెద్దమ్మ ఒక్కొక్క ముక్కా వాటి మీద పెట్టి చూసింది. తెల్ల అద్దాలను తోసేసింది. నీలం ముక్క దగ్గర ఆగింది.

"గిదే. దీంట్ల సల్లగుంది. తతిమ్మయన్ని కండ్లల్ల గుచ్చుతానయ్."

"నీలం గాదా పెద్దమ్మా అది? కింద పసుపు బట్ట ఆకుపచ్చగ మారుతాంది గద" అన్నాను.

"పసుపు బట్టేదే? రెండు తెల్లయే గద పరిసినవ్!" అంది.

ఆట పట్టిస్తోందేమోనని ముఖంలోకి చూశాను. ఆమె నవ్వడం లేదు. పక్కనే ఉన్న అన్న మా మాటలు సగమే విన్నాడు. "అమ్మ తేల్చింది గద, ఇగ ఆర్డరిద్దాం" అని ఫోన్ తీశాడు. షోరూములకు వాడే అద్దాన్ని ముందు కొలతకు కోసి, తరవాత కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. ఒకసారి గట్టిపడ్డాక ఇంక కోయడం, మార్చడం కుదరదు. నీలం అద్దం వస్తే ఆ గోడకు నీలం అద్దమే. దాని కింద పరిచిన ప్రతి పసుపు చీరా ఆకుపచ్చగా, ప్రతి గంధం రంగూ బూడిదగా కనపడుతుంది.

"కొలతలు ఇంకా పక్కా గాలేదన్నా, జర ఆగు" అన్నాను. ఉత్తరపు చట్రం నిజంగానే ఇంకా బిగించలేదు కాబట్టి నాకు అబద్ధమాడే అవసరం రాలేదు.

తరవాత కొన్ని రోజులు అల్మారాల కొలతలు తీసుకునే వంకతో దుకాణంలోనే కూర్చుని పెద్దమ్మను చూశాను. ఆమె మెట్లు దిగడం మానేసింది. "కట్టుకునేది మీరు, ఎండల మీరే జూసుకొని రాండ్రి" అని నవ్వుతూ పంపేది. అది మర్యాద అనుకున్నారు అందరూ, నాతో సహా. వాళ్ళు బయటికి పోయి చూసి, "నువ్వన్నట్టే ఉందక్కా" అని వచ్చేవారు. ఒక్కోసారి "రంగు మంచిగనే ఉంది గనీ బరువుంది, ఇంకోటి తియ్యి" అనేవారు. ఆ రోజుల్లో ఎందుకో చాలామందికి చీరలు బరువనిపించాయి.

ఇంకొకటి కూడా గమనించాను. చీర తీయమని కోడలికి చెప్పేటప్పుడు పెద్దమ్మ రంగు చూసి చెప్పడం లేదు. "మూడో అల్మారి, కింది అర, ఎడమ దిక్కు" అంటోంది. తీశాక మాత్రమే రంగు పేరు చెబుతోంది. అల్మారాల వరస మార్చొద్దని ఎందుకందో అప్పుడు అర్థమైంది. నేను టేకు చెక్క మీద ప్రేమ అనుకున్నది ఆమెకు చేతికర్ర. మా ఆయనకు చెప్పిన గొప్పలన్నీ గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ, వెనక గదిలో చాయ్ తాగుతుండగా అడిగేశాను. ఒళ్ళో పెట్టుకుని మడత పెడుతున్న చీరను చూపించి, "అదేం రంగు పెద్దమ్మా?" అన్నాను.

ఆమె చీర వైపు కాదు, నా వైపు చూసింది.

"ఎరుకైందా నీకు" అంది.

"ఎప్పటిసంది?"

"పోయిన బతుకమ్మ అప్పటిసంది. బతుకమ్మ పేరుస్తాన్న. నీలమద్దిన గునుగుపువ్వేదే అనడిగితే, నీ చేతులనే ఉంది గదత్తమ్మా అన్నది కోడలు. నా చేతులున్నది నాకు నల్లగ కనవడ్డది." చాయ్ గ్లాసు కింద పెట్టింది. "పొర వచ్చింది బిడ్డా. నాకెరుకే."

"మరి దవాఖానకు పోకుండ ఇన్నొద్దులు ఏంజేస్తానవ్? ఆపరేషన్ అంటే భయమా?" నాకు కోపం వచ్చింది. మనవాళ్ళ మీద వచ్చే కోపం ముందు భయంగానే మొదలవుతుంది, నా గొంతులో రెండూ కలిసే వచ్చాయి.

"ఆపరేషన్‌కు భయమెందుకే? దవాఖాన్ల పడ్డట్టు బజారంత ఎరుకైతది. రంగు జెప్పే దానికి కండ్లు వోయినయంట అంటరు. ఒక్కపారి ఆ మాట వడ్డదా, మళ్ల కండ్లొచ్చినా మాట రాదు. బిల్లు కొట్టుడు రాదు నాకు, కంప్యూటర్ రాదు. రంగు జెప్పలేనోళ్లను కౌంటర్ల ఎందుకు కూసోవెట్టుకుంటరు?"

"అన్న అట్ల అంటడా?"

"వాడనడు. కుర్చేసి కూసోవెడ్తడు. చాయ్ దెప్పిస్తడు. గదే నాకొద్దు."

కొత్త షోరూం బొమ్మ గీసినప్పుడు తలుపు పక్కన పెద్దవాళ్ళు కూర్చోవడానికని నేనే ఒక మెత్తటి కుర్చీ గీశాను. ఇంటికెళ్ళాక దాన్ని చెరిపేశాను.

"నీ మాట దక్కాలని దుకాణానికి నీలమద్దం ఏపిస్తవా పెద్దమ్మా?" అన్నాను. "పెండ్లిచీరలు కొనేటోళ్లందరు ఆ అద్దం కిందనే జూస్తరు. ఇగ ఎండకు తీసేది కూడ ఉండదు."

ఆమె చేతిలో చీర మడత ఆగిపోయింది. "నా కండ్లు నాకొక్కదానికే అబద్ధం జెప్తానయ్" అంది నెమ్మదిగా. "ఆ అద్దం అందరికి జెప్తది." ఇంకాసేపటికి, "వాడికి నేనే జెప్త. బజార్ల మాత్రం తెల్వద్దు" అంది.

అన్న విని, తల్లి పక్కన కూలబడి, "నాకు జెప్తే ఏమైతుండెనే అమ్మా" అని మాత్రం అన్నాడు. దుకాణంలో అడిగినవాళ్ళకు పెద్దమ్మ తన చెల్లె ఇంటికి పోయిందని చెప్పారు. మా ఇంట్లోనే ఉంది, మా అమ్మ దగ్గర. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన మర్నాడు నల్లద్దాలు తీసి మా హాలంతా చూసి, "గోడలకు గీ మురికి రంగేందే? ఊరందరికి రంగులు జెప్తవు!" అంది. నేను ఎంతో ఆలోచించి వేయించుకున్న మీగడ రంగు అది. తరవాత నా నెత్తి చూసి, "ఎప్పుడు నెరిసిందే ఇంత?" అంది. మా అమ్మ పక్కకు తిరిగి నవ్వింది.

ఆమె చేసిన ఒక పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. నా పసుపు బట్టను, తెల్ల పంచెను అడిగి తెప్పించుకుంది. ఒక కన్ను మూసుకుని చూసింది, తరవాత రెండోది మూసుకుని చూసింది. చికిత్స అయిన కంటికి అవి రెండు బట్టలు. ఇంకా చికిత్స జరగని కంటికి రెండూ ఒకటే. అలా మారుస్తూ మారుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇన్నొద్దులు ఎవ్వలకేం జెప్పి అంటగట్టిన్నో" అంది. "ఒక్కలన్న వాపస్ తేలేదే బిడ్డా. ఎట్ల తేలే?"

అదృష్టం బాగుందన్నాను. ఆమె నమ్మలేదు. ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు.

రెండో కన్నూ అయ్యాక అద్దాల ముక్కలు మళ్ళీ పరుచుకున్నాం, ఈసారి మా ఇంటి ఉత్తరపు కిటికీ దగ్గర. నీలం ముక్కను చూసి, "ఛీ, గిదా నేను జెప్పింది" అని పక్కకు తోసింది. మామూలు తెల్ల అద్దం కూడా ఆమెకు నచ్చలేదు. అంచు పట్టి చూసి, "దీంట్ల పచ్చదనం ఉంది" అంది. నిజమే, మామూలు అద్దంలో ఉండే ఇనుము వల్ల ఆ పచ్చ జాడ వస్తుంది. ఇనుము బాగా తగ్గించి చేసే రకం వేరే ఉంది. అదే ఖాయం చేసింది. మధ్యలో గాలి ఖాళీ ఉండేలా రెండు పలకలుగా వేయించాను. వీధి చప్పుడు, వేడి రెండూ తగ్గుతాయి, రంగు మాత్రం తగ్గదు.

భవనానికి ఏది మంచిదని అడిగేవాళ్ళు నా దగ్గరికి ఎక్కువగా పేర్ల పట్టీతో వస్తారు. ఈ ముద్ర ఉన్న సరుకు పచ్చది, అంటే పర్యావరణానికి మేలు చేసేది, ఆ ముద్ర ఉన్నది ఇంకా పచ్చది అంటారు. నేనూ ఆ ముద్రలు చూస్తాను, చూడకపోతే ఎట్లా? కానీ ఆ నీలం అద్దం కూడా ఎంతో కొంత వేడిని ఆపేదే. దాని మీదా మంచి ముద్రే ఉంది. ఆఫీసుకైతే పనికొచ్చేదేమో. చీరల కొట్టుకు పెడితే ఏడాది తిరక్కుండా ఎవరో ఒకరు పీకించి పారేస్తారు. పీకి పారేసే వస్తువు ఎంత పచ్చదైతే ఏం లాభం? లోపల ఏ పని జరుగుతుందో, ఎవరు కూర్చుంటారో తెలుసుకోకుండా గోడకు ఏదీ ఎంచకూడదని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను.

పాత దుకాణం మూసి షోరూం తెరిచారు. పాత షాబాదు బండలు అడుగువైపు పైకొచ్చి కొత్తగా మెరిశాయి. జంపఖానాల కప్పు కింద ఎంతమంది మాట్లాడుకున్నా గోల అనిపించలేదు. టేకు అల్మారాల వరసను పెద్దమ్మే దగ్గరుండి మార్పించింది. ఉత్తరపు అద్దం కింద తెల్ల పరుపు మీద ఆమె కూర్చుంటే, ఆ మెత్తటి వెలుగులో చీరలు చీరల్లాగే ఉన్నాయి. కానీ ఆమె మునుపట్లా గట్టిగా రంగు పేరు చెప్పడం లేదు. చెప్పే ముందు ఒక్క క్షణం తడబడుతోంది. వాపసు రాని చీరలు ఆమెను వదల్లేదు.

బిగించిన అద్దాల సందులు చూద్దామని నేను పోయిన రోజు, మరిపెడ నుంచి ఒక పాత బేరం వచ్చింది. చిన్నబిడ్డ పెళ్ళికి చీరలు కొనడానికి తల్లే వచ్చింది. పెద్దమ్మ ఒక చీర పరిచి, వెలుగులో అటూ ఇటూ తిప్పి, "నెమలికంఠం ఇది. నలుపు గాదు" అంది. ఆ మరిపెడ ఆమె తల ఊపి, చీర చేతిలోకి తీసుకుని, అలవాటుగా లేచి గుమ్మం వైపు నడిచింది.

"ఎటువోతానవే? వెల్తురు ఈడ్నే ఉంది గదా" అంది పెద్దమ్మ.

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి అద్దం వైపు కాదు, పెద్దమ్మ ముఖంలోకి చూసింది.

"కండ్లు మంచిగయినయా అక్కా?"

"నీకెట్లెరుక?" అంది పెద్దమ్మ.

"ఎరుకలేందెవలకు? పోయినేడు పెద్దదాని పెండ్లికి నల్ల చీరిచ్చి నీలమంటివి. మెట్ల మీద జూసుకొని లోపటికొచ్చి, బరువుందక్కా, ఇంకోటి తియ్యి అంటిని. నీకు మనసుకు గొడ్తదని. మావోళ్లందరు గంతే. ఎండల మేమే జూసుకుంటుంటిమి, లోపటికొచ్చి నువ్వన్నట్టే ఉందంటుంటిమి."

అన్న తల వంచుకున్నాడు.

"గట్లయితే నా దగ్గరికే ఎందుకొచ్చిండ్రే?" పెద్దమ్మ గొంతు నాకే సరిగా వినపడలేదు.

"ఇంకెవల దగ్గరికి పోవాలె?" అని ఆమె నిజంగానే అర్థం కానట్టు అడిగింది.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకోబోయి, నలపొద్దని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, చెయ్యి దించేసింది. నీళ్ళు అట్లాగే కారనిచ్చింది. ఆ మరిపెడ ఆమె గుమ్మం దాకా తీసుకెళ్ళిన చీరను వెనక్కి తెచ్చి, పరుపు మీద పరిచి, ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు జెప్పక్కా. ఇదేం రంగు?"

"నెమలికంఠం" అంది పెద్దమ్మ, తడబడకుండా.

"అయితే కట్టియ్యి" అంది ఆమె. చీరను ఎండకు తీయలేదు.